మందు డీఎన్‌ఏకి అతుక్కుందా? మాస్ స్పెక్‌లో సరిగ్గా చూసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు కాలేజీల్లో పరిశోధన చేస్తున్న మన తెలుగు పిల్లలు నన్ను అడిగేది ఇంచుమించు ఒకటే. "అన్నా, మా మందు డీఎన్‌ఏకి అతుక్కుంటుందో లేదో మాస్ స్పెక్‌లో చూడాలి. హైదరాబాద్‌లో స్లాట్ దొరికింది. ఏం పట్టుకెళ్ళాలి?"

ఈ ప్రశ్న స్లాట్ దొరికాక అడగాల్సింది కాదు, అంతకు మూడు వారాల ముందు అడగాల్సింది. మాస్ స్పెక్ అంటే అణువుల బరువు తూచే మెషీన్. మనకి అది పక్క గదిలో ఉండదు. రాత్రంతా ఫలక్‌నుమాలోనో కోణార్క్‌లోనో కూర్చుని వెళ్తే ఒక్క రోజు దొరుకుతుంది. ఆ రోజు ఫలితం వస్తుందా రాదా అన్నది చాలా వరకు ఇంటి దగ్గరే తేలిపోతుంది. అందుకే ఇందులో సగానికి పైగా ఊళ్ళో చేసుకోవాల్సిన పని గురించే రాశాను.

## 1. ముందు ఏం చూడబోతున్నారో తెలుసుకోండి

వాడే పద్ధతి పేరు ఎలక్ట్రోస్ప్రే. డీఎన్‌ఏ జంట పోగుని, దానికి అతుక్కున్న మందుతో సహా, విడిపోకుండా ద్రావణం నుంచి గాల్లోకి లేపి బరువు తూస్తాం. డీఎన్‌ఏలో ఫాస్ఫేట్లకి రుణావేశం ఉంటుంది కాబట్టి నెగటివ్ మోడ్‌లో చూస్తాం.

ఇందులో దొరికేవి మూడు. ఒక జంట పోగుకి ఎన్ని మందు అణువులు అతుక్కున్నాయి, ఎంత గట్టిగా అతుక్కున్నాయి, ఏ వరుసని ఎక్కువ ఇష్టపడుతున్నాయి. మొదటిది సూటిగా కనిపిస్తుంది. మిగతా రెండింటికి లెక్క, జాగ్రత్త రెండూ కావాలి. మందు సరిగ్గా ఎక్కడ కూర్చుంది, డీఎన్‌ఏ మెలిక పక్కన ఉండే గాడిలోనా, బేస్‌ల (ఏ, టీ, జీ, సీ అక్షరాల) మధ్యనా అన్నది బరువు ఒక్కటే చూసి చెప్పలేం. దానికి ఎన్‌ఎంఆరో, స్ఫటిక నిర్మాణమో కావాలి.

## 2. మొదటి ప్రయోగానికి ఈ జోడీనే తీసుకోండి

మీ కొత్త మందుతో మొదలు పెట్టకండి. ముందు అందరికీ తెలిసిన జోడీతో మీ చేయి, మీ బఫర్, మీ డీఎన్‌ఏ సరిగ్గా ఉన్నాయని తేల్చుకోండి.

డీఎన్‌ఏ: సీ-జీ-సీ-జీ-ఏ-ఏ-టీ-టీ-సీ-జీ-సీ-జీ. ఈ 12 బేస్‌ల పోగు తనతో తానే జత కడుతుంది, కాబట్టి ఒకే పోగు కొంటే చాలు. మధ్యలో ఉన్న ఏ-ఏ-టీ-టీ దగ్గర సన్న గాడి ఇరుకుగా ఉంటుంది.

మందు: హెక్స్ట్ 33258 అనే రంగు. సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటుంది.

లెక్క ముందే రాసుకుని పెట్టుకోండి, మెషీన్ ముందు కూర్చుని లెక్కలు వేయకండి:

- ఒంటి పోగు బరువు 3646.4 డాల్టన్లు (అణువుల బరువు కొలత)
- జంట పోగు 7292.8
- హెక్స్ట్ 33258 (ఉప్పు లేని రూపం) 424.5
- జంట పోగు, మైనస్ 5 ఆవేశం: ఎం బై జెడ్ (ఐదు ప్రోటాన్లు పోయాక మిగిలిన బరువుని ఆవేశంతో భాగించిన అంకె) 1457.6
- జంట పోగు, ఒక హెక్స్ట్, మైనస్ 5: 1542.5
- జంట పోగు, రెండు హెక్స్ట్‌లు, మైనస్ 5: 1627.4

మైనస్ 5 మీదే ఎందుకు పట్టు పడుతున్నానో ఇక్కడే చెప్పాలి. ఎక్కువ మంది మోసపోయే చోటు ఇదే. తనతో తానే జత కట్టే డీఎన్‌ఏలో జంట పోగు మైనస్ 4, ఒంటి పోగు మైనస్ 2 రెండూ 1822.2 దగ్గరే వస్తాయి. బరువు రెట్టింపు, ఆవేశం రెట్టింపు, భాగిస్తే అదే అంకె. జంట మైనస్ 6, ఒంటి మైనస్ 3 కూడా అంతే, రెండూ 1214.5. అక్కడ పెద్ద పీక్ (గ్రాఫ్‌లో లేచే శిఖరం) చూసి "జంట పోగు బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటే, అది మొత్తం విడిపోయిన ఒంటి పోగే కావచ్చు.

మైనస్ 5 దగ్గర ఆ గందరగోళం లేదు, ఒంటి పోగుకి మైనస్ రెండున్నర ఆవేశం ఉండదు కదా. 1822.2 దగ్గర ఎవరున్నారో కూడా తెలియాలంటే ఐసోటోప్ పీకుల (ఒకే అణువు 1 డాల్టన్ తేడాలతో పక్కపక్కనే ఇచ్చే పీకుల) మధ్య దూరం చూడండి. 0.25 ఉంటే జంట, 0.5 ఉంటే ఒంటి. రెండూ కలిసి ఉంటే ఒకటి విడిచి ఒకటి పొడుగ్గా కనిపిస్తాయి.

## 3. కొనేటప్పుడు

డీఎన్‌ఏని హెచ్‌పీఎల్‌సీతో శుద్ధి చేసిందే ఆర్డర్ పెట్టండి. "డీసాల్టెడ్" అని రాసి ఉన్నంత మాత్రాన సోడియం పోయిందని కాదు. అక్కడ తీసేది ప్రధానంగా తయారీలో మిగిలిన చిన్న అణువుల్ని. పొడి రూపంలో తెప్పించండి. టీఈ బఫర్‌లో కరిగించి పంపమని ఎప్పుడూ అడగకండి, అందులో ట్రిస్, ఈడీటీఏ రెండూ మనకి శత్రువులే.

పోలికకి రెండో డీఎన్‌ఏ కూడా ఇప్పుడే కొనండి, ఏ-టీ లేనిది: సీ-జీ-సీ-జీ-జీ-జీ-సీ-సీ-సీ-జీ-సీ-జీ. దాని జంట బరువు 7296.8. మొదటిదానికీ దీనికీ తేడా 4 డాల్టన్లే, అంటే మైనస్ 5 దగ్గర 0.8. విడివిడి ట్యూబుల్లో వాడడానికి ఇది బాగుంటుంది. రెండింటినీ ఒకే ట్యూబులో వేసి పోటీ పెడితే మాత్రం పీకులు ఒకదాని మీద ఒకటి పడతాయి. పోటీ ప్రయోగానికి రెండు చివర్లా ఒక్కో బేస్ పెంచి 14 బేస్‌ల పోగు కొనండి: జీ-సీ-జీ-సీ-జీ-జీ-జీ-సీ-సీ-సీ-జీ-సీ-జీ-సీ. దాని జంట మైనస్ 5 దగ్గర 1705.7కి వస్తుంది, దేనికీ అడ్డు రాదు.

మందు కొనేటప్పుడు సీసా మీద ఉన్న బరువు చూడండి. హెక్స్ట్ ఎక్కువగా ట్రైహైడ్రోక్లోరైడ్ రూపంలో, కొంత నీటితో కలిసి వస్తుంది. నీరు లేని ట్రైహైడ్రోక్లోరైడ్ బరువు 533.9. తూచేది ఉప్పు రూపాన్ని, పీకులో కనిపించేది 424.5ని.

మన పల్లెల్లో పశువులకి గోమార్లతో వచ్చే జ్వరానికి వాడే డైమినజీన్ దీనికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అది కూడా ఏ-టీ గాడిలో కూర్చునే మందే. అసెచురేట్ రూపంలో దాని బరువు 515.5, ఉప్పు లేకుండా 281.3. ఒక మిల్లీలీటర్‌లో 5.155 మిల్లీగ్రాములు కరిగిస్తే 10 మిల్లీమోలార్. పొరపాటున 281.3తో భాగిస్తే 18.3 అని వస్తుంది, ఆ తరువాత మీ లెక్కలన్నీ తప్పే. పశువుల మందుల షాపులో దొరికే ప్యాకెట్ వాడకండి. అందులో ఫెనజోన్ లాంటివి కూడా కలిపి ఉంటాయి. శుద్ధమైన పొడి కొనండి.

## 4. ఉప్పుతో పోరాటం

ఈ మొత్తంలో నేను నెమ్మదిగా చదవమని అడిగే భాగం ఇదొక్కటే.

12 బేస్‌ల జంట పోగులో 22 ఫాస్ఫేట్లు ఉంటాయి. ప్రతి ఫాస్ఫేట్ పక్కనా ఒక సోడియం కూర్చోవచ్చు. హైడ్రోజన్ స్థానంలో సోడియం చేరితే బరువు 22 పెరుగుతుంది, పొటాషియం చేరితే 38. అప్పుడు ఒక్క పదునైన పీక్ రావాల్సిన చోట మైనస్ 5 దగ్గర 4.4 దూరంలో పది పన్నెండు చిన్న పీకులు వరుసగా లేస్తాయి. మీ సిగ్నల్ అంతా వాటి మధ్య పంచుకుపోతుంది, మందు పీక్ ఆ గడ్డి మధ్య కనిపించదు.

అమోనియం అయితే అలా కాదు. గాల్లోకి లేచాక అమోనియం అమ్మోనియాగా ఎగిరిపోయి, ఫాస్ఫేట్ దగ్గర ప్రోటాన్ని మాత్రం వదిలేస్తుంది. అందుకే అమోనియం అసిటేట్ ద్రావణం వాడతాం. జంట పోగు నిలబడడానికి కావలసిన లవణమూ అదే ఇస్తుంది, మెషీన్లో మిగలకుండా పోయేదీ అదే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అంతా సరిగ్గా చేశాననుకున్నాను. ల్యాబులో అందరం వాడే గాజు సీసాలో బఫర్ కలిపి తీసుకెళ్ళాను. ఆ రోజంతా సోడియం మెట్లే కనిపించాయి. గాజు నుంచి సోడియం ఊరుతుందని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. తిరుగు రైల్లో పడిన ఆ బాధ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బఫర్ కలిపే ముందు చెక్‌లిస్ట్

- కొత్త పాలీప్రొపిలీన్ ట్యూబులు, గాజు వద్దు
- 18.2 మెగాఓమ్ నీరు, అదే రోజు పట్టింది. క్యాన్ నీళ్ళు, బ్యాటరీ నీళ్ళు పనికిరావు
- పౌడర్ లేని గ్లవ్స్. చెమట పట్టిన వేలు ట్యూబు మూత లోపల తగిలితే చాలు, సోడియం చేరినట్టే
- పీహెచ్ ఎలక్ట్రోడ్‌ని బఫర్‌లో ముంచకండి, దాని లోపలి పొటాషియం క్లోరైడ్ కారుతుంది. కొంచెం వేరే ట్యూబులోకి పోసి చూసి, అది పారబోయండి

అమోనియం అసిటేట్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. గోపాల్‌పూర్ సముద్రం మీది గాలి తగిలే బరంపురంలో వానాకాలం సీసా మూత రెండుసార్లు తీస్తే చాలు, పలుకులు ముద్దగా మారతాయి. అప్పుడు తూచిన బరువులో నీరే ఎక్కువ. వీలైతే మాలిక్యులర్ బయాలజీ గ్రేడ్ గాఢ ద్రావణం కొనండి. పొడే వాడితే కొత్త సీసా తెరిచి డెసికేటర్‌లో ఉంచండి. 100 మిల్లీమోలార్ ద్రావణం 50 మిల్లీలీటర్లకి 0.385 గ్రాములు పడుతుంది.

ఒక మాట: పీహెచ్ 7 దగ్గర అమోనియం అసిటేట్ నిజానికి బఫర్ కాదు. దాని పట్టు 4.8 దగ్గరా, 9.2 దగ్గరా ఉంటుంది, మధ్యలో కాదు. మీ మందు బాగా ఆమ్లమో క్షారమో అయితే కలిపాక పీహెచ్ మారిందేమో చూడండి.

## 5. జత కట్టించడం, కడగడం, కొలవడం: ఈ వరుస మార్చకండి

మొదట జత కట్టించండి. 100 నానోమోల్ పోగుని 100 మైక్రోలీటర్ల అమోనియం అసిటేట్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్ ఒంటి పోగు, అంటే 0.5 మిల్లీమోలార్ జంట. 95 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచి, హీటింగ్ బ్లాక్ ఆపేసి, అందులోనే రాత్రంతా నెమ్మదిగా చల్లారనివ్వండి. మంచులో పెట్టి చల్లార్చకండి, పోగు తన మీద తానే మడిచి హెయిర్‌పిన్ అవుతుంది. పలచగా ఉన్నప్పుడు జత కట్టించినా ఆ ప్రమాదమే.

కరెంటు పోయే వేళలు మీకు తెలుసు కదా, ఆ వేడి 5 నిమిషాలు మాత్రం మధ్యలో ఆగకుండా చూసుకోండి.

తరువాత కడగండి. 3 కిలోడాల్టన్ సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్ తీసుకోండి. ఒంటి పోగు 3.6 కిలోడాల్టన్లు కాబట్టి విడిగా వేస్తే చాలా భాగం కిందికి జారిపోతుంది. జత కట్టాక 7.3 అవుతుంది, బాగా నిలుస్తుంది. జత ముందు, కడగడం తరువాత అన్నది ఇందుకే.

1. ఖాళీ ఫిల్టర్‌ని రెండుసార్లు నీటితో తిప్పండి, పొర మీద గ్లిజరిన్ ఉంటుంది.
2. డీఎన్‌ఏ వేసి, 1 మోలార్ అమోనియం అసిటేట్‌తో 500 మైక్రోలీటర్లకి నింపండి. 14,000 జీ దగ్గర సుమారు అరగంట తిప్పండి. ఇది రెండుసార్లు. గాఢమైన అమోనియం సోడియంని నెట్టేస్తుంది.
3. 100 మిల్లీమోలార్‌తో ఇంకో నాలుగుసార్లు.
4. ఫిల్టర్ తిరగేసి కొత్త ట్యూబులోకి 1,000 జీ దగ్గర 2 నిమిషాలు తిప్పి తీసుకోండి.
5. కిందికి జారిన ద్రావణాలు పారబోయకండి. 260 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చూడండి. అక్కడ డీఎన్‌ఏ ఉంటే జత సరిగ్గా కట్టలేదని అర్థం.

ఆఖరున కొలవండి. ఫిల్టర్‌లో ఎంత పోయిందో ముందే చెప్పలేం కాబట్టి సీసా మీద కంపెనీ రాసిన నానోమోల్ లెక్క ఇక చెల్లదు. ఈ పోగుకి 260 దగ్గర మోలార్ శోషణ గుణకం 110,700. ఇది విడిపోయిన ఒంటి పోగుకి వేసిన లెక్క. కాబట్టి పలచన చేసి, 85 డిగ్రీలు దాటాక క్యువెట్‌లోనే చదవాలి. చల్లగా చదివితే జత కట్టి ఉండడం వల్ల రీడింగ్ తగ్గి, డీఎన్‌ఏ తక్కువ ఉన్నట్టు చూపిస్తుంది.

రీడింగ్ 0.55 వచ్చిందనుకోండి. 110,700తో భాగిస్తే దాదాపు 5 మైక్రోమోలార్ ఒంటి పోగు, అంటే 2.5 మైక్రోమోలార్ జంట. దాన్ని పలచన చేసినన్ని రెట్లు గుణించండి. ఒంటి లెక్కా జంట లెక్కా కలిసిపోతే రెండు రెట్లు తప్పు వస్తుంది. ట్యూబు మీద "100 మైక్రోమోలార్" అని మాత్రమే రాయకండి, "100 మైక్రోమోలార్ జంట" అని రాయండి.

మందుకీ ఇంతే. తూచిన బరువు మీద నమ్మకం పెట్టుకోకండి. హెక్స్ట్‌ని 338 నానోమీటర్ల దగ్గర చదివి 42,000తో భాగించండి.

## 6. ప్రయాణం

జంట పోగు స్టాక్ 100 మైక్రోమోలార్, మందు స్టాక్ 100 మైక్రోమోలార్, రెండూ 100 మిల్లీమోలార్ అమోనియం అసిటేట్‌లోనే. మందూ డీఎన్‌ఏ ఇంట్లోనే కలిపి తీసుకెళ్ళకండి, అక్కడే కలపండి.

- థర్మోకోల్ పెట్టెలో జెల్ ప్యాక్‌లు, ట్యూబులు నిలువుగా, మూతల చుట్టూ పారాఫిల్మ్
- హెక్స్ట్ ట్యూబుకి రేకు చుట్టాలి, వెలుతురుకి పాడవుతుంది
- బఫర్ 50 మిల్లీలీటర్లు. మాస్ స్పెక్ గ్రేడ్ మిథనాల్ అక్కడ ఇస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి
- మీ సొంత పిపెట్లు, కొత్త టిప్పులు
- బరువుల పట్టిక కాగితం మీద ప్రింట్ తీసి

అక్టోబర్‌లో స్లాట్ తీసుకునేటప్పుడు ఆలోచించండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో రైళ్ళు ఆగిపోతాయి, ఊళ్ళో ఫ్రిజ్‌లకి కరెంటు ఉండదు. డీఎన్‌ఏలో సగం ఎండబెట్టి పొడిగా దాచుకుంటే మళ్ళీ మొదటి నుంచి కొనక్కర్లేదు.

## 7. అక్కడ కలపాల్సిన ఐదు ట్యూబులు

ఒక్కోటి 100 మైక్రోలీటర్లు. ప్రతిదానిలో డీఎన్‌ఏ స్టాక్ 5 మైక్రోలీటర్లు, అంటే 5 మైక్రోమోలార్ జంట.

- మందు లేనిది: బఫర్ 75, మందు 0, మిథనాల్ 20
- ఒకటికి సగం (డీఎన్‌ఏ ఒకటికి మందు సగం): బఫర్ 72.5, మందు 2.5, మిథనాల్ 20
- ఒకటికి ఒకటి: బఫర్ 70, మందు 5, మిథనాల్ 20
- ఒకటికి రెండు: బఫర్ 65, మందు 10, మిథనాల్ 20
- ఒకటికి నాలుగు: బఫర్ 55, మందు 20, మిథనాల్ 20

బఫర్, డీఎన్‌ఏ, మందు కలిపి అరగంట ఆగండి. మిథనాల్ స్ప్రే చేసే ముందు మాత్రమే కలపండి. అది స్ప్రేని నిలబెడుతుంది కానీ ఎక్కువసేపు ఉంటే జంటని వదులు చేస్తుంది. మీ మందు నీటిలో కరగక డీఎంఎస్‌ఓలో కలిపి ఉంటే, ట్యూబులో డీఎంఎస్‌ఓ ఒక శాతం దాటకుండా చూడండి, ఐదు ట్యూబుల్లోనూ అంతే ఉంచండి, మందు లేని ట్యూబుతో సహా.

జీ-సీ పోగుతో ఇవే ఐదు మళ్ళీ చేయండి. సమయం చాలకపోతే కనీసం ఒకటికి ఒకటి, ఒకటికి నాలుగు చేయండి. ఈ పోలిక లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.

## 8. మెషీన్ ముందు

మెషీన్ నడిపే వారిని ముందు రెండు ప్రశ్నలు అడగండి. నెగటివ్ మోడ్‌లో 3000 దాకా కాలిబ్రేషన్ చేశారా? దేంతో చేశారు? సోడియం అయొడైడ్‌తో చేసి ఉంటే లైనులో ఇంకా సోడియం ఉంటుంది. నీళ్ళు, మిథనాల్ సగం సగం కలిపి బాగా కడగమని, వీలైతే స్ప్రే క్యాపిలరీ మార్చమని మర్యాదగా అడగండి. మీ ముందు ఎవరు ఏం నడిపారో కూడా కనుక్కోండి.

క్యూ-టాఫ్ రకం మెషీన్ అయితే మొదలు పెట్టడానికి ఈ అంకెలు సరిపోతాయి. మెషీన్‌ని బట్టి మార్చుకోవాలి:

- క్యాపిలరీ 2.0 నుంచి 2.5 కిలోవోల్టులు
- కోన్ (అయాన్లు మెషీన్ లోపలికి వెళ్ళే ద్వారం) 30 నుంచి 40 వోల్టులు
- సోర్స్ 70 నుంచి 80 డిగ్రీలు, డీసాల్వేషన్ గ్యాస్ 100 దగ్గర
- సిరంజి పంపు నిమిషానికి 4 మైక్రోలీటర్లు
- ఎం బై జెడ్ 500 నుంచి 3000

మందుల శాంపిల్స్ చూసే అలవాటున్న మెషీన్లు 300, 350 డిగ్రీల గ్యాస్ దగ్గర ఉంటాయి. అలాగే వదిలేస్తే మీ జంట విడిపోతుంది. ఉష్ణోగ్రత దిగడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి గదిలోకి వెళ్ళగానే ఆ మాట చెప్పండి.

నడిపే వరుస: మందు లేని ట్యూబు మొదట, తరువాత తక్కువ మందు నుంచి ఎక్కువకి. మధ్యమధ్య 5 నిమిషాలు కడగండి. హెక్స్ట్ గొట్టాల గోడలకి అంటుకుంటుంది, ఎక్కువ నుంచి తక్కువకి వస్తే పాత మందు కొత్త శాంపిల్‌లోకి దిగుతుంది.

మెత్తదనం పరీక్ష. ఒకటికి ఒకటి ట్యూబు పెట్టి కోన్ వోల్టేజ్‌ని పదేసి వోల్టుల చొప్పున పెంచండి. ప్రతి చోటా మందుతో ఉన్న జంట ఎంత శాతమో రాసుకోండి. మొదట కొంత దూరం అది మారదు, తరువాత పడిపోతుంది. మారకుండా ఉన్న చోటే మీ ప్రయోగమంతా నడపాలి. పది నిమిషాల పని. చాలా మంది దీన్ని వదిలేసి, మెషీనే విడగొట్టిన మందుని చూసి "అతుక్కోలేదు" అని రాసేస్తారు.

## 9. తప్పు జరిగితే

4.4 దూరంలో మెట్లు. సోడియం. ఆ శాంపిల్ మీద ఇంకా సమయం పెట్టకండి. ఫిల్టర్లు తెచ్చి ఉంటే, అక్కడ సెంట్రిఫ్యూజ్ ఉంటే మళ్ళీ మూడుసార్లు కడగండి. ఖాళీ బఫర్ కూడా స్ప్రే చేసి చూడండి. అక్కడా సోడియం అసిటేట్ గుంపుల పీకులు వస్తే తప్పు డీఎన్‌ఏది కాదు, బఫర్‌ది లేదా లైనుది.

స్ప్రే ఊగుతోంది, కరెంట్ ఎగురుతోంది, సూది చివర నీలం వెలుగు. నెగటివ్ మోడ్‌లో నీళ్ళు ఎక్కువగా ఉంటే ఇలా అవుతుంది. క్యాపిలరీ వోల్టేజ్ 2 కిలోవోల్టులకి దించండి. పెంచితే ఇంకా చెడుతుంది.

1457.6 దగ్గర ఏమీ లేదు, 1822.2 దగ్గర పెద్ద పీక్. ముందు వోల్టేజ్, వేడి తగ్గించండి. మైనస్ 5 లేస్తే తప్పు మెషీన్ అమరికది. లేవకపోతే ద్రావణంలోనే జత లేదు.

అనుకున్న బరువుకి 1 డాల్టన్ తేడా. మీ మందుకి శాశ్వత ధనావేశం ఉందేమో చూడండి. ఇథీడియం లాంటిది అతుక్కుంటే డీఎన్‌ఏ ఇంకో ప్రోటాన్ని వదులుకోవాలి, కాబట్టి పెరిగేది 314.4 కాదు, 313.4.

ఒకటి, రెండు, మూడు, నాలుగు మందులు మెట్ల వారీగా తగ్గుతూ అతుక్కున్నాయి. సంతోషపడకండి. చుక్క ఆరిపోయేటప్పుడు మిగిలిన మందు ఊరికే అంటుకున్నా ఇలాగే కనిపిస్తుంది. జీ-సీ పోగులోనూ అదే మెట్లు ఉంటే అది నిజమైన బంధం కాదు. మందు సగానికి తగ్గించి చూడండి. ఏ-ఏ-టీ-టీతో హెక్స్ట్ అయితే ఒకటికి ఒకటి పీక్ స్పష్టంగా పైన నిలవాలి.

## 10. బంధం ఎంత గట్టిదో లెక్క

పీక్ ఎత్తు కాదు, వైశాల్యం తీసుకోండి. మిగిలిన సోడియం పీకులని కూడా వాటి వాటి గుంపులో కలపండి. మందు బరువు జంటలో 6 శాతం కూడా లేదు కాబట్టి మందున్నదీ లేనిదీ మెషీన్‌కి సమానంగా కనిపిస్తాయని అనుకుంటాం.

ఉదాహరణకి జంట 5, మందు 5 మైక్రోమోలార్. ఖాళీ జంట 40 శాతం, మందుతో ఉన్నది 60 శాతం. అతుక్కున్నది 5లో 60 శాతం, 3.0. ఖాళీ జంట 2.0. మిగిలిన మందు 5 నుంచి 3 తీసేస్తే 2.0. విఘటన స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే బంధం అంత గట్టిది) రెండు రెళ్ళ నాలుగుని 3తో భాగిస్తే 1.3 మైక్రోమోలార్. ఒకటికి రెండు పీక్ ఉంటే, మిగిలిన మందు లెక్కలో దాన్ని రెండుసార్లు తీసేయాలి.

దీనికో హద్దు ఉంది. 5 మైక్రోమోలార్ డీఎన్‌ఏతో నానోమోలార్ బంధాన్ని కొలవలేరు. వేసిన మందంతా అతుక్కుంటుంది, మిగిలింది సున్నాకి దగ్గర, సున్నాతో చేసే లెక్కకి విలువ లేదు. హెక్స్ట్, ఏ-ఏ-టీ-టీ జోడీ సరిగ్గా ఇలాంటిదే. అది మీ పద్ధతి పనిచేస్తోందని చూపించడానికి, స్థిరాంకం కొలవడానికి కాదు. అంత గట్టి మందుల్ని పోల్చాలంటే పోటీ పెట్టండి: రెండు డీఎన్‌ఏలు, చాలీచాలని మందు, ఎవరి వైపు వెళ్ళిందో చూడండి.

గాల్లో ఢీకొట్టించి, ఎంత శక్తికి విడిపోయిందో చూసి దాన్నే ద్రావణంలో బలం అనుకోవడం ఇంకో పొరపాటు. గాల్లో నీరు లేదు, నీటి వల్ల వచ్చే బంధ బలమూ లేదు. అక్కడ ఎక్కువగా నిలబెట్టేది ఆవేశాల ఆకర్షణ.

బంధం ఉందని తేలాక ఊరికి వచ్చి ఇంకో పద్ధతితో సరిచూడండి. హెక్స్ట్‌కి ఫ్లోరిమీటర్ చాలు, ఏ-టీ గాడిలో కూర్చోగానే దాని వెలుగు బాగా పెరుగుతుంది. వెలుగు లేని మందులకి డీఎన్‌ఏ కరిగే ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూడండి.

## 11. జీ-క్వాడ్రుప్లెక్స్ అడిగిన వారికి

జీ-క్వాడ్రుప్లెక్స్ అంటే జీ బేస్‌లు నాలుగేసి చేరి కట్టే డీఎన్‌ఏ మడత, ఆ నాలుగు జీల పలక ఒక్కోటి ఒక టెట్రాడ్. టెలోమియర్ (క్రోమోజోమ్ చివరి) వరుసల మీద పనిచేసేవారికి పొటాషియం కావాలి, మెషీన్‌కి పొటాషియం పడదు. 100 మిల్లీమోలార్ ట్రైమిథైల్ అమోనియం అసిటేట్‌లో 1 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ వేసి మడవండి. ట్రైమిథైల్ అమోనియం పెద్దది, టెట్రాడ్‌ల మధ్య ఇమడదు, కాబట్టి పొటాషియంకి పోటీ రాదు. మూడు టెట్రాడ్‌లు ఉంటే మధ్యలో రెండు పొటాషియంలు పట్టి ఉంటాయి, బరువులో అవి కనిపించాలి. జంట పోగుల మీద చేయి కుదిరాకే ఇది మొదలు పెట్టండి.

## 12. గది వదిలే ముందు

- అసలు ఫైళ్ళు, ఎంజెడ్‌ఎంఎల్ రూపంలో మార్చినవి, రెండూ రెండు పెన్‌డ్రైవ్‌లలో. చిత్రాల స్క్రీన్‌షాట్ డేటా కాదు
- ప్రతి ఫైలుకి కోన్, క్యాపిలరీ, ఉష్ణోగ్రతలు, ఎన్ని నిమిషాలు, ఏ ట్యూబు, నోట్‌బుక్‌లో చేత్తో
- మందు లేని డీఎన్‌ఏ, డీఎన్‌ఏ లేని మందు, ఖాళీ బఫర్: ఈ మూడు ఫైళ్ళు ఉన్నాయా?
- మెత్తదనం పరీక్ష ఫైళ్ళు
- హెక్స్ట్ డీఎన్‌ఏకి అతుక్కునే రంగు, మీ చేతి కణాల్లోదానికి కూడా. మిగిలింది సింక్‌లో పోయకుండా వాళ్ళు చూపిన వ్యర్థాల సీసాలో వేయండి, గ్లవ్స్ అక్కడే తీసేయండి
- లైను నీళ్ళు, మిథనాల్‌తో పావుగంట కడిగి, మెషీన్ నడిపిన వారికి చూపించి బయల్దేరండి